ఆదివారపు కడుపునొప్పి

నల్లగొండ జిల్లా కేతేపల్లి నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం వ్రాశారు. పేరు వేయవద్దని కోరారు గనుక వేయడం లేదు. ఉత్తరంలోని ముఖ్యమైన భాగం ఇది:

"మా బాబుకు పదేళ్ళు. బడిలో బాగానే చదువుతాడు. ఆర్నెల్లుగా శనివారం రాత్రి అయ్యేసరికి కడుపునొప్పి అంటున్నాడు. ఆదివారం ఉదయం బొడ్డు చుట్టూ చేయి పెట్టుకుని ముడుచుకు పడుకుంటాడు. చర్చి అయి ఇంటికి వచ్చాక నొప్పి ఉండదు, రెండు ముద్దలు ఎక్కువే తింటాడు. సండే స్కూల్లో కంఠత వాక్యం చెప్పమంటే నోరు విప్పడు. అదే వాక్యం ఇంట్లో నాకు గడగడా అప్పజెబుతాడు. వాళ్ళ అక్క చిన్నప్పటి నుంచీ బహుమతులు తెచ్చుకుంటోంది. వీడి సంగతి మా వారికి తలవంపులుగా ఉంది. ఆయనకు హైవే మీద షిఫ్టు పని. అలిసిపోయి వస్తారు. రాత్రి కుటుంబ ప్రార్థనలో వీడు కునికితే ఒకటి అంటిస్తారు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. అడ్డు వెళితే నామీదా కోపమే. ఇలాగైతే పిల్లవాడు దేవుడికే దూరమైపోతాడేమోనని నాకు బెంగగా ఉంది. ఆరేళ్ళు నిండేదాకా వాడు మర్రిగూడ దగ్గర మా అమ్మగారి ఊళ్ళో పెరిగాడు. అక్కడ గారాబం ఎక్కువైంది. పళ్ళు కూడా శుభ్రంగా తోముకోడు, ముందు పళ్ళు గారపట్టి ఉంటాయి. ఆకలికీ, ధైర్యానికీ ఏదైనా మంచి టానిక్కు వ్రాయగలరు. శ్రమల దినాల్లో ఈ వయసు పిల్లల చేత ఉపవాసం చేయించవచ్చునా అన్నది కూడా తెలపగలరు."

అమ్మా, ధైర్యానికి టానిక్కు ఏ కంపెనీవారూ తయారు చేయలేదు. ఆకలి సంగతి మీరే వ్రాశారు, చర్చి నుంచి రాగానే రెండు ముద్దలు ఎక్కువ తింటాడని. అంచేత ఆకలికీ మందు అక్కరలేదు. అయినా కడుపునొప్పి అన్నప్పుడు, ఒక్కసారైనా డాక్టరు పొట్ట మీద చేయి వేసి చూడాలి. మల పరీక్ష, మూత్ర పరీక్ష చేయించండి. రక్తం తక్కువగా ఉందేమో చూపించండి. ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేసుకున్నాడో లేదో కనుక్కోండి. నొప్పి నిద్రలోంచి లేపేసినా, పిల్లవాడు బరువు తగ్గుతున్నా, జ్వరం, వాంతులు, మలంలో రక్తం, మూత్రంలో మంట కనబడినా ఆలస్యం చేయకూడదు. నొప్పి బొడ్డుకు దూరంగా ఒకే చోట, ముఖ్యంగా కుడివైపు కింద, నిలిచిపోతే మరీను.

ఇవేవీ లేకుండా, శనివారం రాత్రి మొదలై ఆదివారం మధ్యాహ్నానికి తగ్గిపోయే నొప్పికి కారణం క్యాలెండరులోనే ఉన్నది. అలాగని దొంగనొప్పి అనుకోకండి. చాలా ఇళ్ళలో జరిగే అన్యాయం ఇది. పరీక్షల్లో ఏమీ తేలలేదనగానే "చూశావా, వేషాలు!" అంటారు. భయానికీ పేగులకూ దగ్గర చుట్టరికం ఉంది. భయపడినప్పుడు పేగుల కదలిక మారుతుంది, మామూలప్పుడు తెలియని కదలిక కూడా నొప్పిగా తోస్తుంది. ఇంటర్వ్యూకి వెళ్ళేముందు పెద్దవాళ్ళు నాలుగుసార్లు దొడ్డికి పరుగెత్తడం లేదూ? పిల్లవాడికి నొప్పి నిజంగానే ఉంటుంది.

ఇక మీరు ఉత్తరం చివర్లో, ఏదో తోచి, ఒక వాక్యం వ్రాశారు. నా దృష్టి అక్కడే నిలిచిపోయింది. పిల్లవాడు మర్రిగూడ దగ్గర పెరిగాడు, ముందు పళ్ళు గారపట్టి ఉన్నాయి అన్నారు. అది తోముకోకపోవడం వల్ల వచ్చిన గార కాకపోవచ్చు. నీళ్ళ వల్ల వచ్చినదై ఉండవచ్చు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువని ఆ జిల్లావారికి నేను చెప్పవలసిన పని లేదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. మన దేశంలో ఈ జబ్బును గురించి మొదట ప్రకటించింది కూడా తెలుగు నేల మీద నుంచే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడు తగ్గించే విధానాన్ని 1970లలో నాగపూరులోని పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు రూపొందించారు. దానికి ప్రపంచమంతటా "నల్లగొండ పద్ధతి" అనే పేరు స్థిరపడింది. ఒక ఊరికి ఇలాంటి కీర్తి రావడం ఏమంత సంతోషం కాదు.

పంటి మీది పింగాణీ పొర చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు, అలాంటి నీళ్ళు తాగితే పళ్ళ మీద సున్నపు చారలు, తరువాత పసుపు, గోధుమ రంగు మచ్చలు ఏర్పడతాయి. ఇది అంటువ్యాధి కాదు. వేపపుల్లతో తోమినా పోదు. బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు వేసి రుద్దితే పోయేది మచ్చ కాదు, పంటి పైపొర. నీళ్ళు కాచినా ఫ్లోరైడు పోదు సరిగదా, నీరు ఆవిరై మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడుతుంది. మిషన్ భగీరథ నీళ్ళు వస్తుంటే తాగడానికీ వంటకూ అవే వాడండి. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు, జామ, ఉసిరి పెట్టండి. నల్ల ఉప్పు, పాలు లేని తేనీరు పిల్లలకు వద్దు. టూత్‌పేస్టు బఠాణీ గింజంత చాలు, నురుగు మింగకూడదు. నల్లగొండలోనో సూర్యాపేటలోనో దంతవైద్యునికి ఒకసారి చూపించండి. పైపైన ఉన్న మచ్చను తగ్గించే పద్ధతులు ఉన్నాయి. లోతుగా ఉంటే పంటి రంగులోనే పూత పెడతారు. ఏది ఏ వయసులో చేయాలో ఆయనే చెబుతారు.

కంఠత వాక్యానికీ దీనికీ సంబంధం ఏమిటంటారా? ఇంట్లో గడగడా చెప్పేవాడికి వాక్యం రాకపోవడమేమీ లేదు. పదిమంది ముందు నోరు తెరవాలంటేనే వాడికి కష్టంగా ఉంది. ఎవరైనా పిల్లలు పళ్ళు చూసి నవ్వారేమో, "పాచిపళ్ళ"వాడని పేరు పెట్టారేమో కనుక్కోండి. వాడు నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకుంటున్నాడా, ఫొటో తీస్తే పెదవులు బిగిస్తున్నాడా చూడండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పడు. పదేళ్ళవాడు పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నప్పుడు చెప్పే మాటలు వేరుగా ఉంటాయి. నా ఊహ తప్పు కావచ్చు, కారణం వేరే ఏదో ఉండవచ్చు. కానీ తోముకోవడం లేదని వాడిని కోప్పడడం మాత్రం ఈ రోజు నుంచే మానేయండి. తన తప్పు కానిదానికి రోజూ మాట పడే పిల్లవాడు చివరకు తాను పుట్టుకతోనే మురికివాడినని నమ్మడం మొదలుపెడతాడు. చర్చిలో పాపం, శుద్ధి అనే మాటలు విన్నప్పుడల్లా అవి తన పళ్ళ గురించే అనుకున్నా ఆశ్చర్యం లేదు.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివాని కథ మీ ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుంది. ఇది ఎవరి పాపం, వాడిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగారు. ఇద్దరిదీ కాదన్నాడు ఏసు. ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఆ అధ్యాయం చదివి, "మా బాబు పళ్ళు కూడా అంతే, అది నీళ్ళు చేసిన పని" అని తండ్రి నోటితో ఒక్క మాట అనిపించండి. వైద్యుడిగా నేను వ్రాయగల ఏ మందుకన్నా అది వాడి కడుపుకు బాగా పనిచేస్తుంది.

మొక్కనాడే వంచాలన్న సామెత గురించి కూడా ఒక మాట. సామెత మంచిదే. అయితే మొక్కను వంచేవాడు ఏం చేస్తాడు? పక్కన కర్ర పాతి, మెత్తని దారంతో వదులుగా కట్టి, రోజూ నీళ్ళు పోస్తాడు. గట్టిగా లాగితే వంగదు, విరుగుతుంది. బెత్తం మాట బైబిలులో ఉన్నదని కొందరు తండ్రులు వాదిస్తారు. సామెతల గ్రంథంలో ఉన్నమాట నిజమే. అదే బైబిలులో ఇరవై మూడో కీర్తనలో కాపరి చేతి కర్ర గొర్రెకు భయం కలిగించదు, ఆదరణ కలిగిస్తుంది. మీ వైపు గొల్లకురుమలు మందలు తోలడం రోజూ చూసేదే గదా. కర్రతో గొర్రెను పక్క చేలోకి పోకుండా మళ్ళిస్తారే తప్ప కాళ్ళు విరగ్గొట్టుకోరు. పౌలు కొలస్సీయులకు వ్రాసిన లేఖ మూడో అధ్యాయంలో తండ్రులకు ఒక హెచ్చరిక ఉంది, పిల్లలను విసిగించి వాళ్ళ మనసు కుంగదీయవద్దని. పిల్లల మనసు కుంగిపోతుందన్న సంగతి ఆ కాలంలోనే గుర్తించి వ్రాయడం డాక్టరుగా నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. పిల్లలు తల్లిదండ్రులకు లోబడాలన్న పై వాక్యాన్ని మనవాళ్ళు పిల్లల చేత కంఠతా పట్టిస్తారు, దాని కిందనే ఉన్న ఈ వాక్యాన్ని తాము పట్టరు.

మెచ్చుకోవడంలోనూ పద్ధతి ఉంది. కొందరు తల్లులు ఇవాళ్టి నుంచి ప్రోత్సహించాలి అనుకోగానే "మా బంగారం, మా తెలివిగలవాడు" అని ఊదరగొట్టేస్తారు. 1998లో అమెరికాలో క్లాడియా మ్యూలర్, కెరొల్ డ్వెక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అయిదో తరగతి పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి ప్రకటించారు. నువ్వు తెలివిగలవాడివి అని మెచ్చుకున్న పిల్లలు తరువాత తేలిక లెక్కలే కోరుకున్నారు, ఒకసారి ఓడిపోగానే డీలాపడ్డారు. బాగా కష్టపడ్డావు అని మెచ్చుకున్న పిల్లలు కష్టమైన లెక్కలకు వెనుదీయలేదు. తెలివి అన్న పేరు పోతుందన్న భయం ఒకరిది, ఇంకొంచెం కష్టపడదామన్న పట్టుదల మరొకరిది. అందుచేత మీ బాబుతో "నిన్నటికంటే ఇవాళ రెండు మాటలు ఎక్కువ గుర్తుపెట్టుకున్నావు," "చెల్లాయి ఏడుస్తుంటే ఆట మానేసి ఎత్తుకున్నావు, నేను చూశాను" అని చేసిన పనిని పేరుపెట్టి చెప్పండి. "నేను చూశాను" అన్నది ముఖ్యం. అక్క బహుమతులను అలమరాలోనే ఉంచండి, వాటిని చూపించి వీడిని పోల్చడం మానండి. పోలిక వల్ల అక్కకూ నష్టమే, ఆ పిల్ల ఎప్పుడూ మొదటి స్థానంలోనే ఉండాలన్న బరువు మోస్తుంటుంది.

కుటుంబ ప్రార్థన మానమని నేను చెప్పను, అది మీ ఇంటి ఆస్తి. వేళ మార్చమంటాను. పదేళ్ళ పిల్లవాడికి రాత్రి తొమ్మిది గంటల నిద్రయినా కావాలి. తండ్రి షిఫ్టు దిగి, స్నానం చేసి, భోంచేసి, పదింటికి ప్రార్థన మొదలుపెడితే వాడు కునకడం అవిధేయత కాదు, శరీరధర్మం. గెత్సేమనేలో పెద్దవాళ్ళయిన శిష్యులే నిద్ర ఆపుకోలేకపోయారు గదా! ఆయన ఆలస్యంగా వచ్చే రోజుల్లో మీరే ఏడున్నరకు పది నిమిషాల్లో ముగించండి. ఆయన ఇంట్లో ఉన్నరోజు అందరూ కలిసి చేయండి. ఒక పాట, నాలుగు వచనాలు, ఒక్కొక్కరు ఒక్కొక్క మాట. ఈరోజు ఎందుకు సంతోషం కలిగింది, ఎందుకు భయం వేసింది అని చెప్పుకోవడం కూడా ప్రార్థనే. ముందు తండ్రి తన భయం చెప్పాలి. నాన్నకు కూడా భయాలుంటాయని తెలిసిన పిల్లవాడు తన భయాన్ని కడుపులో దాచుకోడు.

నల్లగొండలో అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1890 ప్రాంతంలో మిషను పని మొదలుపెట్టిన నాటి నుంచి లెక్కవేస్తే ఆ వైపు క్రైస్తవ కుటుంబాల్లో ఇప్పటికి నాలుగైదు తరాలు గడిచాయి. మొదటి తరం వాళ్ళలో చాలామందికి చదువు లేదు. విని, కలిసి పాడి నేర్చుకున్నారు. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారి పాటలు ఈనాటికీ చర్చీల్లో పాడుతున్నారంటే ఆ కలిసి పాడడం వల్లనే. అందరి గొంతులో తన గొంతు కలిపేటప్పుడు ఏ పిల్లవాడికీ సిగ్గు వేయదు. ఒక్కడినీ లేపి నిలబెట్టి అప్పజెప్పించడం బడి పరీక్షల నుంచి మనం తెచ్చుకున్న పద్ధతి. ఈ మాట సండే స్కూలు టీచరుగారితో మెల్లగా చెప్పండి. కొన్ని వారాలు వాక్యం అందరిచేతా కలిసి చెప్పించమనండి. లేదా మీ బాబు చేత బోర్డు మీద వ్రాయించమనండి. తరువాత ఇద్దరిద్దరు, ఆ తరువాత వాడికే తోచినప్పుడు ఒక్కడూ. పళ్ళ సంగతి టీచరుకు చెవిలో వేస్తే, నవ్వే పిల్లలను ఆమే చూసుకుంటారు.

నోటికి వచ్చిన వాక్యాలకన్నా ఇంటి అలవాట్లే పిల్లవాడికి ఎక్కువగా అబ్బుతాయి. భోజనం ముందు కళ్ళు మూసుకుని దేవునికి కృతజ్ఞతలు చెప్పి, కళ్ళు తెరవగానే "కూరలో ఉప్పేదీ!" అని కంచం నెట్టే యజమానులు మనకు తెలియని వాళ్ళు కారు. పిల్లవాడు రెండు పాఠాలూ చూస్తాడు, రెండోదే నేర్చుకుంటాడు. కృతజ్ఞతలో వండిన తల్లి పేరు కూడా చేర్చండి. తల్లి అందరికీ వడ్డించి చివర మిగిలినది తినే ఆచారం మానేసి వారంలో కొన్ని రోజులైనా అందరితో కూర్చోవాలి. ఆ అరగంట ఫోను, టీవీ రెండూ ఆపివేయాలి. బియ్యం కడిగేముందు దేవుని పేరిట పిడికెడు తీసిపెట్టే అలవాటు మన చర్చీల్లో పాతదే. ఆ పిడికెడు వేసే పని పిల్లవాడికి అప్పగించండి. నెలాఖరున ఆ బియ్యం ఎవరింటికి పోవాలో కూడా వాడినే అడగండి. ఇవ్వడం అలా చేతికి అలవాటవుతుంది.

క్షమాపణ సంగతి పెద్దది. పరలోక ప్రార్థన రోజూ చెప్పే ఇళ్ళలో కూడా తండ్రి కొడుకుతో "నాదే తప్పురా" అన్న సందర్భాలు ఎన్ని ఉంటాయి? అంటే చులకనైపోతామని భయం. నా అనుభవంలో అలా అన్న తండ్రి ఎవరూ చులకన కాలేదు. కునికినందుకు కొట్టిన దెబ్బ గురించి ఆ తండ్రి ఒక్కమాట అనాలి. ఎక్కువ వివరించనక్కరలేదు. "అలిసిపోయి కోపంలో కొట్టాను, కొట్టకుండా ఉండవలసింది" అంటే చాలు. ఆయన చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి కూడా ప్రార్థన మానని మనిషి. అలసటలో వచ్చే కోపానికి విరుగుడు నిద్రే. రాత్రి పని చేసి వచ్చిన రోజు పగలు ఏడు గంటలైనా ఆయనను పడుకోనివ్వండి. ఈ పుట ఆయనకు చదివి వినిపించకండి, పోట్లాట అవుతుంది. పత్రిక బల్లమీద ఉంచేయండి.

"దేవుడు కళ్ళు పోగొడతాడు," "నరకంలో వేస్తాడు" అని బెదిరించి అన్నం తినిపించడం, నిద్రపుచ్చడం మాత్రం పూర్తిగా మానాలి. చీకటి భయాలు, పీడకలలు చాలామంది పిల్లలకు ఇక్కడి నుంచే మొదలవుతాయి. దేవుడు దూరమైపోతాడని మీరు బెంగపడుతున్నారు. పోలీసువాడిలా చూపించిన దేవుడికి పిల్లలు దూరంగానే ఉంటారు.

ఇవన్నీ చేస్తూ నొప్పి ఏ రోజు, ఎంతసేపు వచ్చిందో ఒక కాగితం మీద గుర్తు పెట్టండి. నొప్పి వచ్చినప్పుడు పొట్టమీద గోరువెచ్చని గుడ్డ వేసి, కాసేపు పక్కన కూర్చుని, తరువాత మామూలు పనుల్లో పెట్టండి. చర్చి మాన్పించకండి. మాన్పిస్తే భయం మరింత పెరుగుతుంది. నలభై అయిదు రోజులైనా తగ్గకపోతే, లేదా బడికి వెళ్ళే రోజుల్లో కూడా వస్తుంటే, పిల్లల డాక్టరుకు ఆ కాగితంతో సహా చూపించండి.

చివరగా ఉపవాసం. పదేళ్ళవాడిచేత చేయించకండి. ఎదిగే వయసులో పూటలు మాన్పిస్తే నీరసం, తలనొప్పి, కడుపులో మంట వస్తాయి. ఈ పిల్లవాడికి అసలే కడుపునొప్పి. కథోలిక సభ నియమం ప్రకారం కూడా ఉపవాసం పద్దెనిమిదేళ్ళు నిండినవారికే, మాంసం మానడం పద్నాలుగేళ్ళు నిండినవారికి. మీ సంఘంలో వేరే నియమం ఉంటే పాస్టరుగారిని అడగండి. డాక్టరు వద్దన్నాడని చెప్పండి, ఆయన కాదనరు. వాడికి ఏదైనా చేయాలని ఉంటే బిస్కట్ల డబ్బులో కొంత దాచుకోమనండి. మంచినీళ్ళు, మూడు పూటలా భోజనం మాత్రం తప్పకూడదు.